తాళం పట్టుకెళ్లిన షేర్‌హోల్డరు

2023లో, వానలు అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజులు. తాండూరు బజారులో ఒక బట్టల దుకాణం పైన నా ఆఫీసు. కింద దుప్పట్లు, టవళ్లు అమ్ముతారు. పైన నేను షేర్లు కొనిపెడతాను, అమ్మిపెడతాను. మా వృత్తిలో నాలాంటి వాళ్లను ఆథరైజ్డ్ పర్సన్ అంటారు. హైదరాబాద్‌లో ఉండే పెద్ద బ్రోకర్ సంస్థకు ఊళ్లో ఉండే మనిషినన్నమాట. డీమ్యాట్ ఖాతాలు తెరిపించడం, కస్టమర్లు ఫోన్ చేస్తే ఆర్డర్ పెట్టడం, మార్కెట్ పడిన రోజు వాళ్ల చేత తిట్లు తినడం నా పని. మొదటి రెండింటికీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. మూడోది మనమే నేర్చుకోవాలి. డీమ్యాట్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెబుతున్నా: షేర్లు కాగితాల రూపంలో బీరువాలో కాకుండా కంప్యూటర్‌లో ఉండే ఖాతా అది.

ఊళ్లో నన్ను షేర్ల పద్మక్క అంటారు. నా కస్టమర్లలో పప్పు మిల్లుల సేట్లు, బండల పాలిషింగ్ యూనిట్ల వాళ్లు, రిటైరైన టీచర్లు ఎక్కువ. కొందరు ఫోన్లోనే పని కానిచ్చుకుంటారు. కొందరికి మాత్రం పొద్దున్నే వచ్చి, నా గోడ మీది టీవీలో ఎర్ర అంకెలు, పచ్చ అంకెలు పరుగెత్తడం కళ్లారా చూడనిదే తోచదు. అలాంటి వారిలో ముఖ్యుడు విశ్వనాథం సేటు. కందిపప్పు మిల్లు ఆయనది. నాకు దూరపు చుట్టం, వరసకు కాక, అంటే బాబాయి. నా ఖాతాలో చాయ్ తాగి నాకే సలహాలిచ్చి వెళ్లే మనిషి.

ఆ రోజు కాక తన కుర్చీలో కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాడు. మరో నలుగురైదుగురు మగవాళ్లు టీవీ ముందున్నారు. మెట్ల మీద తడి చెప్పుల చప్పుడై, తలుపు దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. నలభై దాటిన మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా, చేతిలో టిఫిన్ సంచి. చీర మీద చొక్కా ఉందంటే ఫ్యాక్టరీలోనో బండల గనిలోనో పని అని మా ఊళ్లో ఎవరూ చెప్పక్కర్లేదు.

"సిమెంట్ కంపెనీ మాలిక్ గీడ కూసుంటడంట గద. ఉన్నడా అమ్మా?" అని అడిగింది.

కంపెనీ యజమానిని నా ఆఫీసులో వెతుకుతోందని నాకు నవ్వొచ్చింది. "సిమెంట్ కంపెనీ మాలిక్ దుప్పట్ల దుకాణం మీద ఎందుకు కూసుంటడమ్మా? ఆయన హైదరాబాద్‌ల ఉంటడు" అన్నాను.

"లేదమ్మా, ఉన్నడు. గాయనే" అంటూ కాకను చూపించింది.

కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏందే సువార్తా, నువ్వా? మా మిల్లుల కందులు చెరుగుతుంటివి గద. ఎవరు చెప్పిండ్రు నీకు నేను కంపెనీ మాలికునని?"

"నువ్వే అంటివి గద సేటూ. కూలి పెంచమంటె, సిమెంట్ కంపెనీకి పోతె పో, గా కంపెనీకి గూడ నేనే మాలికును అంటివి. నేను గా కంపెనీలనే చేస్తున్న ఇప్పుడు."

గదిలో నవ్వులు లేచాయి. కాక ముఖం ఎర్రబడింది. ఆ కంపెనీ షేర్లు కొన్ని ఆయన కొన్న మాట నిజం. కొన్న రోజు నుంచి, తాండూరు రోడ్డు మీద ఆ కంపెనీ లారీ ఏది కనబడినా 'మన లారీ' అనడం ఆయనకు అలవాటు. ఆ అలవాటు మిల్లు దాకా వెళ్లిందని నాకు అప్పుడే తెలిసింది.

"గట్ల పెద్ద మాలికును కాదే. కొంచెం మాలికును" అన్నాడు కాక.

"కొంచెం మాలిక్ ఏంది సేటూ? మాలికంటె మాలికే గద" అంది సువార్తమ్మ. వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

ఇన్నేళ్లుగా నేను కస్టమర్లకు షేరంటే ఏమిటో వివరిస్తూ వచ్చాను. షేరంటే కంపెనీలో చిన్న వాటా, అది ఉన్నవాడు ఆ మేరకు యజమానే అని నోటికొచ్చిన పాఠంలా చెబుతాను. విన్న ప్రతివాడూ తల ఊపి, ధర ఎప్పుడు పెరుగుతుందని అడుగుతాడు. యజమానివైతే మరి నా మాట విను అని ఎవరూ మెట్లెక్కి రాలేదు.

వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వాలి కదా. గ్లాసు అందించాను. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా "వద్దమ్మా, డ్యూటీకి పోవాలె" అంది. మంచినీళ్లు వద్దంటే మా ఇళ్లల్లో కొంచెం చిన్నబుచ్చుకుంటాం. నేనూ చిన్నబుచ్చుకున్నాను. ఏం పని మీద వచ్చావని కాక అడిగితే, ఆమె చుట్టూ ఉన్న మగవాళ్లందరినీ ఒకసారి చూసి, "ఏం లేదు సేటూ, మల్ల వస్త" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే నేను వికారాబాద్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడ నాకు రిటైరైన టీచర్ల గుంపు ఒకటి ఉంది, వాళ్లకు ఫోన్‌లో చెబితే నమ్మకం కుదరదు. ప్యాసింజర్ రైలెక్కి చూస్తే ఎదురు సీట్లో సువార్తమ్మ. చొక్కా లేదు, మంచి చీర కట్టుకుంది. పెద్ద నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, తాండూరు దాటకముందే సగం ఖాళీ చేసింది. నాకు ఉక్రోషం ఆగలేదు.

"మొన్న నేనిస్తె వద్దంటివి. మా నీళ్లు మంచిగ లేవా?" అన్నాను.

"అయ్యో గట్ల కాదమ్మా. గప్పుడు డ్యూటీ ఉండె. ఇయ్యాల లీవు."

నాకు అర్థం కాలేదు. ధారూర్ స్టేషన్ వచ్చేసరికి అంతా అర్థమైంది. బోగీలో మా దగ్గర మగవాళ్లెవరూ లేరు కాబట్టి ఆమె దాచకుండా చెప్పింది.

సువార్తమ్మది పెద్దేముల్ దగ్గర పల్లె. షేర్ ఆటోలో రోజూ వచ్చి, సిమెంట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ ప్లాంట్‌లో ఊడ్చే పని చేస్తుంది. బస్తాలు నింపే చోట కింద రాలిన సిమెంట్‌ను ఊడ్చి ఎత్తే పని అది. అందులో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే, అందరూ కాంట్రాక్టర్ కింద. వాళ్లకు దగ్గర్లో బాత్రూం లేదు. ఉన్న ఒక్కటీ ఆఫీసు బిల్డింగులో ఉంది. దానికి లోపలి గేటు దాటాలి. కాంట్రాక్ట్ పాస్ ఉన్నవాళ్లను ఆ గేటు దాటనివ్వరు. అందుకని ఆడవాళ్లంతా ఒక పద్ధతి పెట్టుకున్నారు. డ్యూటీకి ముందు నీళ్లు తాగరు, డ్యూటీలో తాగరు, ఇంటికి పోయాకే తాగుతారు.

"మగోళ్లకైతె ఏ గోడైన సరే. మాకెట్లమ్మా?" అంది. "మొన్న నడుముల నొప్పి లేసి పానం పోయినట్లయింది. కిడ్నీల రాయి అన్నరు. వికారాబాద్ డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది. నీళ్లన్న తాగు, పనన్న బంద్ చెయ్ అని. పని బంద్ చేస్తె మా బిడ్డ నర్సింగ్ చదువు ఎట్ల నడుస్తది? వికారాబాద్‌లనే చదువుతుంది. ఇయ్యాల డాక్టరమ్మకు చూపెట్టుకొని దాన్ని గూడ చూసొస్త."

"కంపెనీల అడగలేదా?"

"కాంట్రాక్టరును అడిగితె కంపెనీని అడుగుమంటడు. కంపెనీ సూపర్‌వైజర్‌ను అడిగితె కాంట్రాక్టరును అడుగుమంటడు. గీళ్లతోని కాదు, మాలికునే అడగాలె అనుకున్న. నాకు ఎరుకున్న మాలిక్ సేటు ఒక్కడే గదా. పోతె ఆడ అందరు మగోళ్లే ఉన్నరు. గీ ముచ్చట ఎట్ల చెప్త?"

నాకు ఒళ్లు మండింది. చట్టం ఈ విషయంలో దాగుడుమూతలు ఆడదు. కాంట్రాక్టర్ సౌకర్యాలు ఇవ్వకపోతే కంపెనీయే ఇవ్వాలి. ఆ కంపెనీ పంపే యాన్యువల్ రిపోర్టులో, అంటే ఏడాదికోసారి షేర్‌హోల్డర్లకు పంపే నివేదికలో, పచ్చని చెట్ల ముందు హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న కార్మికుల ఫోటోలు నేనే చూశాను. కార్మికులు మా కుటుంబమని కింద రాసి ఉంటుంది. ఏ కుటుంబమైనా ఇంటి ఆడవాళ్లను పొద్దస్తమానం దాహంతో ఉంచుతుందా?

దిగేముందు ఒక మాట అడిగాను. "మా కాక మిల్లుల అయితె మీకు బాత్రూం ఉండె గద?"

సువార్తమ్మ నవ్వింది. "ఉండె. దానికి తాళం గూడ ఉండె. తాళంచెవి సేటు గల్లాపెట్టెల. పోయినప్పుడల్ల సేటు ముందర నిలబడి అడగాలె. ఎవరడుగుతరమ్మా?"

మర్నాడు సాయంత్రం నేరుగా కాక ఇంటికి వెళ్లాను. ఆయన భార్య సుభద్రమ్మ చిన్నమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. కాక పీట మీద కూర్చుని తింటున్నాడు. నేను విషయమంతా చెప్పి, ఏం చేయొచ్చో కూడా చెప్పాను. మామూలు షేర్‌హోల్డర్లు కంపెనీ చేత ఒక రెజల్యూషన్, అంటే తీర్మానం, పెట్టించాలంటే చాలా పెద్ద వాటా కావాలి. తాండూరు మొత్తం కలిసినా అంత రాదు. కానీ ఏజీఎంలో ప్రశ్న అడగడానికి ఒక్క షేరు ఉన్నా చాలు. ఏజీఎం అంటే కంపెనీ ఏడాదికోసారి పెట్టే యజమానుల సభ. ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని వీడియోలోనే పెడుతున్నాయి. ముందుగా స్పీకర్‌గా పేరు రాయించుకుంటే, మన వంతు రాగానే చైర్మన్ ముందే మాట్లాడొచ్చు.

"నాకెందుకు బిడ్డా గీ పంచాది?" అన్నాడు కాక. "నావి ఎన్ని షేర్లు? నేనడిగితె ఆళ్లు ఇంటరా? నవ్వుతరు."

"మొన్న సువార్తమ్మ ముందర మాలికునంటివి గద కాకా."

"అది మాటవరసకన్న."

"అయితే ఇంకో మాట చెప్త. అసలు మాలిక్ నువ్వు కాదు" అన్నాను. కాక రొట్టె ముక్క చేతిలోనే ఆగిపోయింది. "గుర్తుందా? మీ ఆడిటర్ చెప్పిండని గా కంపెనీ షేర్లన్ని చిన్నమ్మ డీమ్యాట్‌ల కొనిపిస్తివి. కంపెనీ లెక్కల ఉన్నది చిన్నమ్మ పేరు. నీ పేరు లేనేలేదు."

చిన్నమ్మ పెనం మీద రొట్టెను అలాగే వదిలేసి ఇటు తిరిగింది. "ఏందే పద్మా? సిమెంట్ కంపెనీ మాలికును నేనా?"

"నువ్వే చిన్నమ్మా."

"మరి ఇన్నేండ్ల సంది ఈయన మన లారీ, మన లారీ అంటుంటె ఇంటున్న గద నేను. నా లారీలా అవి?"

మా వృత్తిలో ఇది మామూలు సంగతే. వ్యాపారస్తుల ఇళ్లల్లో సగం షేర్లు ఆడవాళ్ల పేరనే ఉంటాయి. సంతకం పెట్టమన్న చోట పెడతారు, దేని మీద పెట్టారో అడగరు. ఆ సాయంత్రం చిన్నమ్మ మొదటిసారి అడిగింది, అన్నీ అడిగింది. సువార్తమ్మ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది. చిన్నమ్మకు చక్కెర జబ్బు. ఈ బాధ గురించి ఆమెకు వివరించాల్సిన అవసరం లేదు.

"బొంరాస్‌పేటకు ఓ పెండ్లికి పోయిన" అంది. "ఆడ బాత్రూం లేకపాయె. తిరిగొచ్చేటప్పుడు ఈయన బండి ఆపడాయె. పెండ్లిపిల్ల ఎట్లుండెనో నాకు యాదికి లేదు గని, గా తిప్పలు ఇప్పటికి యాదికున్నది. ఒక్క పూటకే నాకు గట్లయితె, రోజు ఎట్లుంటరే ఆళ్లు?"

ఆ తర్వాత భర్త వైపు తిరిగి చెయ్యి చాపింది. "ముందుగాల మన మిల్లు బాత్రూం చెవి ఇటియ్యుండ్రి."

"ఎవరెవరో ఖరాబు చేస్తరని తాళమేసిన..."

"చేస్తె కడిగిపిద్దం. నేను చైర్మన్‌ను అడగాలంటె మన ఇంట్ల తాళం ఉండొద్దు."

కాక లేచి చెయ్యి కడుక్కుని, తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. పాపం, రొట్టె కూడా పూర్తిగా తినలేదు. ఆయన మీద నాకున్న ప్రేమ ఆ రోజు ఇంకాస్త పెరిగిందనే చెప్పాలి.

ఏజీఎం శ్రావణంలో పడింది. వరలక్ష్మీ వ్రతం రోజున వాయినాలకు వచ్చిన ఆడవాళ్లకు చిన్నమ్మ పసుపు కుంకుమలతో పాటు ఈ కబురు కూడా పంచింది. "మీ డీమ్యాట్‌ల ఏమున్నదో పద్మను అడుగుండ్రి" అని. వారం రోజులు నా ఫోను తీరిక లేకుండా మోగింది. ఇంకొందరు ఆడవాళ్ల పేర కూడా ఆ కంపెనీ షేర్లున్నాయి. వాళ్ల పేర్లనూ స్పీకర్లుగా రాయించాను. మరునాడే కంపెనీ సెక్రటరీ ఫోన్ చేసింది. షేర్‌హోల్డర్ల వ్యవహారాలు చూసే అధికారి ఆమె. మర్యాదస్తురాలు, గొంతులో మాత్రం కంగారు.

"మేడం, తాండూరు నుంచి మాకు ఎప్పుడూ స్పీకర్లు లేరు. ఈసారి అందరూ లేడీస్. సబ్జెక్ట్ ఏమిటో తెలుసుకోవచ్చా?"

"ప్లాంట్ విజిట్ అడుగుతారండి" అన్నాను. అబద్ధం కాదు. ఆమె హాయిగా ఊపిరి తీసుకుంది.

ఆ ఊపిరికి కారణం ఉంది. ఏజీఎంలలో ఒక ఆనవాయితీ నడుస్తుంది. ఏడాదంతా ఏ కంపెనీ సభకైనా హాజరయ్యే అలవాటు స్పీకర్లు కొందరుంటారు. చైర్మన్ గారి నాయకత్వాన్ని, రిపోర్టు రంగుల్ని, పంపిన లింకు సరిగ్గా పనిచేయడాన్ని పొగిడి, చివర్లో ఫ్యాక్టరీ చూపించమని ప్లాంట్ విజిట్ అడుగుతారు. చైర్మన్ 'తప్పకుండా పరిశీలిస్తాం' అంటారు. మళ్లీ ఏడాది దాకా ఎవరికీ గుర్తుండదు. చిన్నమ్మకు ఈ ఆనవాయితీ చెప్పి, ఒక పేజీ ప్రసంగం కూడా రాసిచ్చాను. ఆమె చదివి, మడిచి, వెనక్కి ఇచ్చేసింది. "గిట్ల మాట్లాడితె నాకే నిద్రొస్తది. నేను అడిగేది నేనడుగుత" అంది.

సభ రోజు చిన్నమ్మ పట్టుచీరలో నా కంప్యూటర్ ముందు కూర్చుంది. కెమెరాలో కనబడొద్దని కాకను గోడకు ఆనుకుని నిలబడమన్నాం. ముందు మాట్లాడిన వాళ్లు ఆనవాయితీ ప్రకారం పొగిడారు. ఒకాయన చైర్మన్‌కు నిండు నూరేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఇంకొకాయన సభ వీడియోలోకి మారాక స్వీట్ బాక్సులు పంచడం మానేశారని బాధపడ్డాడు. తర్వాత చిన్నమ్మ పేరు పిలిచారు. చైర్మన్ తెలుగాయనే, తెలుగులో మాట్లాడమన్నారు.

"చైర్మన్ గారు, నమస్తే. నా పేరు సుభద్రమ్మ, తాండూరు. అందరు ప్లాంట్ చూడాలె అంటున్నరు, నేను గూడ అంటున్న. మీ ప్లాంట్ మా పక్కకే ఉన్నది. మా ఊరి ఆడ షేర్‌హోల్డర్లం అందరం కలిసి వస్తం. మాకు ప్యాకింగ్ ప్లాంట్ చూడాలని ఉన్నది."

చైర్మన్ నవ్వుతూ తల ఊపారు.

"గని నాకు షుగరున్నది సార్. జరసేపటికొకసారి పోవాలె. ప్యాకింగ్ ప్లాంట్ కాడ ఆడోళ్ల బాత్రూం ఎక్కడున్నదో జర చెప్పుండ్రి."

చైర్మన్ ప్లాంట్ హెడ్ వైపు తిరిగారు. తెర మీద ఇంకో చిన్న గడిలో ఆయన కనబడ్డాడు. "మేడం, అడ్మిన్ బిల్డింగ్‌లో చాలా మంచి వాష్‌రూం ఉంది. మీకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు.

"ప్యాకింగ్ ప్లాంట్ కాడికెల్లి అది దూరమే ఉంటదంట గద?"

"మీ కోసం వెహికల్ పెడతాం మేడం."

"మంచిది నాయనా. మరి అక్కడ రోజు ఊడ్చే ఆడోళ్లకు గూడ వెహికల్ పెట్టిండ్రా?"

ప్లాంట్ హెడ్ పెదవులు కదిలాయి కానీ మాట వినబడలేదు, కంగారులో మైకు ఆపేసుకున్నట్లున్నాడు. గోడ దగ్గర నుంచి కాక "భేష్" అన్నాడు. అది మాత్రం సభ మొత్తానికి వినబడింది.

"గా ఊడ్చే ఆడోళ్లు నీళ్లు తాగుతలేరు సార్, పోయే చోటు లేదని" అంది చిన్నమ్మ. "మీ పుస్తకంల మా కుటుంబం అని రాసిండ్రు. కుటుంబం అయితె గట్ల ఉంచరు గద. నేను మీ తీర్మానాలు అన్నిటికి ఓటేస్త. ముందు గిది చెయ్యుండ్రి."

ఆమె తర్వాత పిలిచిన తాండూరు ఆడవాళ్లందరూ "సుభద్రమ్మ అడిగిందే నా ప్రశ్న" అని ఒక్కొక్క మాటలో ముగించారు. అది మేం అనుకుని చేసింది కాదు. కెమెరా చూడగానే వాళ్లు మిగతా మాటలు మరిచిపోయారు. కానీ వినడానికి మాత్రం గట్టిగా ఉంది. చైర్మన్ ఆఖర్లో, "అమ్మా, ఇది నేనే స్వయంగా చూస్తాను" అన్నారు. తప్పకుండా పరిశీలిస్తాం అనలేదు. తేడా నాకు తెలుసు.

మా ఓట్లు ఆ కంపెనీని ఏమీ చేయలేవు. ప్రమోటర్ల చేతిలో, అంటే కంపెనీ పెట్టిన కుటుంబం చేతిలో, ఉన్న వాటా ముందు మావి ఒక లారీ కందుల్లో పిడికెడు. కానీ ఆ సభను మేం మాత్రమే చూడటం లేదు. మ్యూచువల్ ఫండ్ల వాళ్లు, అంటే వేలమంది పొదుపుతో పెద్ద మొత్తంలో షేర్లు కొనే సంస్థల వాళ్లు, కూడా వింటూ ఉంటారు. కార్మికుల సౌకర్యాల గురించి కంపెనీ రాసింది నిజమా కాదా అన్నది వాళ్లకు పట్టింపే. కంపెనీ సెక్రటరీ కొన్నాళ్లకు నాకు ఫోన్‌లో చెప్పింది. సభ అయిన మర్నాడే ముంబయి నుంచి ఒక ఫండ్ ఆయన ఫోన్ చేసి, 'తాండూరు లేడీ అడిగినదానికి మీ జవాబేమిటి' అన్నాడట. "ప్లాంట్ విజిట్ అని చెప్పారు కదా మేడం మీరు" అని నిష్ఠూరమాడింది. "విజిట్టే కదండీ అడిగారు" అన్నాను. తను కూడా నవ్వేసింది.

బతుకమ్మ పండుగ వెళ్లాక ప్లాంట్ విజిట్‌కు తేదీ ఇచ్చారు. దానికి ముందు సువార్తమ్మ ఒకసారి ఆఫీసు మెట్లెక్కింది. ఈసారి గదిలో మగవాళ్లున్నా ఆగలేదు.

"కట్టిండ్రమ్మా. ప్యాకింగ్ పక్కకే. మస్తు మంచిగ కట్టిండ్రు, టైల్స్ గూడ ఏసిండ్రు. గని తాళమేసి పెట్టిండ్రు. షేర్‌హోల్డర్ మేడంలు వచ్చేదాక ఎవరు ముట్టొద్దంట. మీరు చూసి పోయినంక మల్ల తాళమే ఏస్తరని అందరం అనుకుంటున్నం. డాక్టరమ్మ మొన్న గూడ కోపం చేసింది. గిది గిట్లనే ఉంటె వచ్చే నెల సంది పని బంద్ చేస్తనమ్మా, ఇగ నాతోని కాదు."

నీళ్లు ఇచ్చాను. గ్లాసు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఈసారి నేను చిన్నబుచ్చుకోలేదు. నాకు భయమేసింది.

విజిట్ రోజు కంపెనీ బస్సు పంపింది. తాండూరు ఆడవాళ్లు పెళ్లికి వెళ్తున్నట్లే తయారయ్యారు. ప్లాంట్‌లో అందరికీ హెల్మెట్లు ఇచ్చారు. కొప్పుల్లో పూలుండటంతో అవి ఎవరి తల మీదా సరిగ్గా కూర్చోలేదు. సున్నపురాయి ఎక్కడి నుంచి వస్తుందో, బట్టీ ఎంత వేడో ప్లాంట్ హెడ్ ఓపిగ్గా చెప్పాడు. చిన్నమ్మ అన్నిటికీ తల ఊపి, "మంచిగున్నది నాయనా, ప్యాకింగ్ ఎటు దిక్కున్నది?" అంటూ వచ్చింది.

ప్యాకింగ్ ప్లాంట్ పక్కన కొత్త గది తళతళలాడుతోంది. గుమ్మానికి బంతిపూల దండ. ఊడ్చే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని కాస్త దూరంలో నిలబడ్డారు. వాళ్లలో సువార్తమ్మ ఉంది. సూపర్‌వైజర్ వచ్చి తాళం తీసి, తెరిచిన తాళాన్ని గొళ్లేనికే తగిలించాడు. చిన్నమ్మ లోపలికి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు బయటికి వినబడింది. మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి తాళం దగ్గర ఆగింది.

"గీ తాళమెందుకు?"

"సేఫ్టీ కోసం మేడం. తాళంచెవి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తారు" అన్నాడు ప్లాంట్ హెడ్.

"షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ మగోడేనా?"

"అవును మేడం."

చిన్నమ్మ తాళాన్ని గొళ్లెం నుంచి తీసింది. చేతిలో ఒకసారి పట్టుకుని చూసి, తన హ్యాండ్ బ్యాగులో వేసుకుని జిప్పు లాగేసింది.

"లోపటికెల్లి గడియ ఉన్నది. గది చాలు" అంది.

ప్లాంట్ హెడ్ నా వైపు చూశాడు. నేను బట్టీ వైపు చూశాను. చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. చివరికి ప్లాంట్ హెడ్‌కు కూడా.

అంతటితో అయిపోలేదు. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ అందరి సంచులూ చూస్తాడు. పనివాళ్ల సంచులు రోజూ చూసే గేటు అది. చిన్నమ్మ ఎవరూ అడగకముందే బ్యాగు తెరిచి తాళం చూపించింది. "రాసుకో నాయనా. మాలిక్ సుభద్రమ్మ, ఒక తాళం తీస్కపోతుంది" అంది. సెక్యూరిటీ ప్లాంట్ హెడ్ వైపు చూశాడు. ఆయన చెయ్యి ఊపాడు, పోనివ్వమని.

ఆ తాళం ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. చిన్నమ్మే తెచ్చి పెట్టింది. కాగితాలు ఎగరకుండా పనికొస్తుంది. కొత్తగా డీమ్యాట్ తెరిచే ఆడవాళ్లు ఇదేమిటని అడుగుతారు. చెబుతాను. అడగని వాళ్లకూ చెబుతాను. ధర ఎప్పుడు పెరుగుతుందో నాకు తెలియదు. కానీ ఏడాదికోసారి అడిగే హక్కు మీకుందని మాత్రం ఖాయంగా తెలుసు. ప్యాకింగ్ ప్లాంట్‌లో అన్నీ బాగుపడిపోలేదు. ముక్కుకు కట్టుకునే మంచి మాస్కుల సంగతి మరుసటి ఏడు అడిగాం, సగం మందికి వచ్చాయి. మిగతా సగం కోసం చిన్నమ్మ మళ్లీ పేరు రాయించుకుంది. కాక ఇప్పుడు రోడ్డు మీద లారీ కనబడితే 'మా ఇంటామె లారీ' అంటున్నాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. నేను రోజూ అందరికీ చెప్పే పాఠాన్ని నేనే అంతవరకూ నమ్మలేదు. షేరున్నవాడు యజమాని అని నేను చెప్పేదాన్ని. యజమాని అయితే ఏం చేయాలో సువార్తమ్మ వచ్చి అడిగేదాకా నాకు తోచలేదు.

విజిట్ అయిన కొన్నాళ్లకు ఆమె ఒక మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చింది. చీర మీద చొక్కా, చేతిలో టిఫిన్ సంచి. డ్యూటీకి పోతూ, బిడ్డ పరీక్ష పాసైందని చెప్పడానికి ఆగింది. అలవాటు కొద్దీ గ్లాసు నింపి ఇచ్చాను, ఇస్తూనే వెనక్కి తీసుకోబోయాను.

సువార్తమ్మ నా చేతిలోంచి గ్లాసు అందుకుంది. గడప దగ్గర నిలబడే, ఆగకుండా, గటగటా తాగేసింది. తర్వాత ఖాళీ గ్లాసు నా ముందుకు చాపి అంది:

"ఇంకో గ్లాసు ఇయ్యమ్మా. డ్యూటీకి పోవాలె."